క్రూయిజ్‌లో కార్డు పోతే ఓడ ఎక్కనివ్వరా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: వచ్చే నెల బెంగళూరు నుంచి అత్తమామలతో, ఇద్దరు పిల్లలతో చెన్నై వచ్చి క్రూయిజ్ ఎక్కుతున్నారు. ఓడ వైజాగ్‌లో ఒక పూట ఆగి మళ్లీ చెన్నై వస్తుంది. మీ అత్తగారికి వస్తువులు ఎక్కడో పెట్టి మర్చిపోయే అలవాటుంది. ఓడలో ఇచ్చే కార్డు ఆవిడ పోగొట్టుకుంటే ఏమవుతుంది, ఫైన్ ఎంత, వైజాగ్‌లో దిగాక పోతే మళ్లీ ఎక్కనిస్తారా అని అడిగారు. కార్డు పోతే పోలీసు కంప్లైంట్ లేనిదే ఓడ ఎక్కనివ్వరని మీ ఆఫీసులో ఎవరో చెప్పారని కూడా రాశారు.

అంత సీను లేదండీ. నేను కొన్నేళ్లు విదేశీ క్రూయిజ్ షిప్పుల్లో రిసెప్షన్‌లో పనిచేశాను, ఇప్పుడు చెన్నైలో క్రూయిజ్ బుకింగులు చూస్తున్నాను. కార్డు పోయిందని కంగారుగా పరుగెత్తుకొచ్చేవాళ్లు రిసెప్షన్‌కి ప్రతి ట్రిప్పులోనూ ఉంటారు. ఓడ లోపల పోతే అది కొద్ది నిమిషాల పని. ఒడ్డున పోతే కాస్త తిరకాసు ఉంటుంది. అది కూడా కార్డు లేనందుకు కాదు, దానితో పాటు మనిషి దగ్గర ఇంకే గుర్తింపు కార్డూ లేనప్పుడు.

ముందు బోర్డింగ్ పాస్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ ప్రశ్నలో అదీ, ఓడ కార్డూ కలిసిపోయాయి. ఇంట్లో వెబ్ చెక్-ఇన్ చేసుకున్నాక వచ్చేది బోర్డింగ్ పాస్. టెర్మినల్‌లో చెక్-ఇన్ కౌంటర్ దాటేదాకానే దానితో పని. అది పోయినా, ప్రింటు తీయడం మర్చిపోయినా బుకింగ్ నంబరు, ఫోటో ఐడీ చూపిస్తే మీ వివరాలు కౌంటర్లో దొరుకుతాయి. పీడీఎఫ్ ఫోన్లో దించుకుని పెట్టుకోండి, చాలు. ఆ తర్వాత మీ చేతికి వచ్చే ప్లాస్టిక్ కార్డే ట్రిప్పంతా మీతో తిరిగేది. మీ భయమంతా దాని గురించే కదా.

అయితే కార్డు చేతికి రాకముందే బెంగళూరు వాళ్లు ఇరుక్కునే చోటు ఒకటుంది. రాత్రి మెయిల్ రైల్లో వచ్చి పొద్దున్నే సెంట్రల్లో దిగుతారు, ఎక్కడో ఫ్రెష్ అయి పోర్టుకి వస్తారు. టెర్మినల్ దగ్గర పెద్ద సూట్‌కేసులకి ట్యాగులు కట్టి తీసేసుకుంటారు. అవి స్కానింగ్ అయి మీ క్యాబిన్ తలుపు దగ్గరికి వచ్చేసరికి గంటలు పడుతుంది, ఒక్కోసారి సాయంత్రం దాటుతుంది. రైల్లో భద్రంగా ఉంటాయని ఆధార్ కార్డులన్నీ ఆ సూట్‌కేసు అడుగున చీరల మధ్య పెట్టిన కుటుంబం కౌంటర్ ముందు నిలబడి ఎంత తల్లడిల్లుతుందో ఊహించుకోండి. ఆ పెట్టెను వెనక్కి తెప్పించడం కన్నా ఓడలో కొత్త కార్డు తీసుకోవడం వంద రెట్లు తేలిక. ఐడీలు, అత్తమామల మందులు, కళ్లద్దాలు చేతి సంచిలోనే ఉండాలి. మందుల మాట ఎందుకు కలిపానంటే, రాత్రి ఎనిమిదింటికి బీపీ మాత్ర వేసుకోవాల్సిన మనిషి పెట్టె కోసం కారిడార్‌లో ఎదురుచూడకూడదు.

ఇక అసలు కార్డు. అది మీ ఆఫీసు యాక్సెస్ కార్డు లాంటిదే, కాకపోతే దానికి డబ్బులు ఖర్చుపెట్టే శక్తి కూడా ఉంటుంది. క్యాబిన్ తలుపు తెరిచేది అదే. జ్యూస్ తాగినా, షాపులో టీ షర్టు కొన్నా గీకేది అదే. ఓడ దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు గ్యాంగ్‌వే (ఒడ్డు నుంచి ఓడలోకి వేసే నడక వంతెన) దగ్గర సెక్యూరిటీ మెషీన్‌లో పెట్టేది కూడా అదే. అప్పుడు టింగుమని శబ్దం వస్తుంది, సెక్యూరిటీ ముందున్న స్క్రీన్ మీద మీ ఫోటో కనబడుతుంది. ఆ ఫోటో చెక్-ఇన్ రోజు కౌంటర్లో తీసింది. ఎండలో క్యూలో నిలబడి వచ్చిన ముఖంతో తీస్తారు కాబట్టి అందరూ అందులో దిగులుగానే ఉంటారు, అది వేరే విషయం.

సెక్యూరిటీ మనిషి చూసేది కార్డుని కాదు, స్క్రీన్ మీది ఫోటోని, ఎదురుగా ఉన్న ముఖాన్ని. మీరెవరో, ఓడలో ఉన్నారో బయటికి వెళ్లారో, ఎంత బిల్లయిందో, అదంతా ఓడ కంప్యూటర్లో ఉంటుంది. కార్డు ఆ లెక్కను తెరిచే నంబరు మాత్రమే. అందుకే ఒక కార్డు రద్దు చేసి ఇంకోటి ఇవ్వడం వాళ్లకి పెద్ద విషయం కాదు. రిసెప్షన్‌కి వెళ్లి పేరు, క్యాబిన్ నంబరు చెప్పి, ఫోటో ఐడీ చూపిస్తే స్క్రీన్‌తో ముఖం పోల్చుకుని కొత్తది ప్రింటు తీసి ఇస్తారు. ఐడీ క్యాబిన్‌లో ఉండిపోతే, తలుపు తెరవడానికి అదే క్యాబిన్‌లో ఉండే ఇంకొకరి కార్డు సరిపోతుంది, లేదా సిబ్బందిలో ఒకరిని తోడు పంపుతారు.

ఫైన్ సంగతి. చాలా క్రూయిజ్ కంపెనీలు మామూలు ప్లాస్టిక్ కార్డుకి ఏమీ తీసుకోవు. కొన్ని చిన్న మొత్తం మీ ఖాతాలో వేస్తాయి. విదేశీ ఓడల్లో కార్డు బదులు చేతికి బ్యాండో, ప్రిన్సెస్ క్రూయిజ్ కంపెనీ వాళ్లు ఇచ్చే మెడాలియన్ లాంటి బిళ్లో ఉంటే మళ్లీ ఇవ్వడానికి కాస్త ఎక్కువ అడగొచ్చు. ఏదైనా మీ ట్రిప్పు ఖర్చులో లెక్కకు రాని మొత్తం. పోయిన విషయం చెప్పకుండా తిరిగితేనే అసలు ఖర్చు.

ఈ ఒక్క విషయంలో నేను మొండిగా ఉంటాను: ముందు రిసెప్షన్‌కి చెప్పండి, వెతుకులాట తర్వాత. మనవాళ్లు సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చేస్తారు. ముందు క్యాబిన్ అంతా తిరగేస్తారు, తర్వాత ఒకరినొకరు తిట్టుకుంటారు, తర్వాత తొమ్మిదో డెక్‌కి వెళ్లి స్విమ్మింగ్ పూల్ దగ్గర కుర్చీల కింద చూస్తారు. ఈలోగా రెండు మూడు గంటలు గడిచిపోతాయి. ఆ కార్డు ఎవరికైనా దొరికితే తలుపు వరకు అంత భయం లేదు. చాలా కంపెనీలు కావాలనే కార్డు మీద క్యాబిన్ నంబరు వేయవు. కానీ బారులో, షాపులో అది చెల్లుతుంది. బిల్లు కొట్టేటప్పుడు అక్కడి మెషీన్‌లో కూడా ఫోటో వచ్చే ఏర్పాటు చాలా ఓడల్లో ఉంది. ఉన్నా, పూల్ దగ్గర మధ్యాహ్నం జనం మూగినప్పుడు ఆ కుర్రాడు ప్రతి ఫోటో తేరిపార చూస్తాడని నమ్మకం ఏమిటి? మీరు చెప్పిన నిమిషం నుంచి పాత కార్డు చచ్చిపోతుంది. తర్వాత బిల్లులో మీరు చేయని ఖర్చు కనబడినా, మీరు ఎన్ని గంటలకు రిపోర్టు చేశారో వాళ్ల దగ్గరే రికార్డు ఉంటుంది, మాట్లాడటం సులువవుతుంది.

ఒక మెలిక మాత్రం గుర్తుపెట్టుకోండి. కొత్త కార్డు తీసుకున్నాక పాతది దొరికితే దాన్ని వాడకూడదు, వాడినా పనిచేయదు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అత్తగారు సంబరంగా దొరికిన పాతదాన్నే పర్సులో పెట్టుకుని, రాత్రి భోజనం అయ్యాక తలుపు దగ్గర ఎర్ర లైటు చూసి కంగారుపడతారు. దొరికిన వెంటనే కత్తెరతో రెండు ముక్కలు చేయండి, లేదా రిసెప్షన్‌లో ఇచ్చేయండి.

ఎర్ర లైటు వచ్చినంత మాత్రాన కార్డు రద్దయిందనీ అనుకోకండి. కొన్ని ఓడల కార్డుల్లో ఇంకా నల్లటి మాగ్నెటిక్ పట్టీ ఉంటుంది. తాళాల కోసం వాడే ఆ పట్టీ బ్యాంకు కార్డు మీద ఉండే దానికన్నా చాలా బలహీనం. వెనక అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్‌లోనో, అయస్కాంతం బటన్ ఉన్న హ్యాండ్‌బ్యాగులోనో పెడితే దాని మీది సమాచారం చెరిగిపోతుంది. కార్డు చెడిపోయిందని ఇంట్లోవాళ్లతో చెప్పడానికి మొహమాటపడి, మనవడు ఎప్పుడొచ్చి తలుపు తీస్తాడా అని క్యాబిన్ బయట నిలబడ్డ పెద్దవాళ్లను నేను చూశాను. మళ్లీ రాయించుకోవడం నిమిషం పని అని ముందే వాళ్లకి చెప్పి ఉంచండి.

పోయిన కార్డులు ఎక్కువగా ఎక్కడ దొరుకుతాయో కూడా చెబుతాను. చాలా ఓడల్లో క్యాబిన్ తలుపు పక్కనే గోడకి, లైట్లు వెలగడానికి కార్డు పెట్టే చిన్న అర ఉంటుంది. పోయిందనుకున్న కార్డు చాలాసార్లు అందులోనే నిలబడి ఉంటుంది. లోపలికి రాగానే పెట్టేస్తారు, తలుపు లాగి వెళ్లిపోతారు, లాక్ పడిపోతుంది. చాలా ఓడల్లో ఆ అరలో ఏ ప్లాస్టిక్ కార్డు పెట్టినా లైట్లు వెలుగుతాయి. ఇంట్లో పనికిరాని సూపర్‌మార్కెట్ కార్డు ఒకటి ఉంటుందిగా, దాన్ని తెచ్చి ట్రిప్పు అయ్యేదాకా అందులో వదిలేయండి. రెండోది స్పా గౌను జేబు. మూడోది బఫేలో ట్రే మీద, టిష్యూ కింద. ప్లేట్లు తీసే అబ్బాయి దానితో పాటే కార్డునీ తీసుకెళ్లిపోతాడు. అది సాయంత్రానికి రిసెప్షన్ చేరుతుంది కానీ, అప్పటికి మీ ఇంట్లో ఒక యుద్ధం జరిగిపోయి ఉంటుంది.

కార్డు మీద ఒక అక్షరమో నంబరో పెద్దగా వేసి ఉంటుంది. అది మస్టర్ స్టేషన్, అంటే ప్రమాద సమయంలో మీరు చేరాల్సిన చోటు. 2012 జనవరి 13న ఇటలీ దగ్గర కోస్టా కాంకార్డియా అనే క్రూయిజ్ ఓడ రాతిని ఢీకొని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన చాలామందికి అప్పటికింకా డ్రిల్లు, అంటే ప్రమాదం వస్తే ఏం చేయాలో చూపించే అభ్యాసం, జరగలేదు. ఆ తర్వాత నిబంధన మార్చారు. 2015 జనవరి 1 నుంచి ఓడ బయల్దేరే ముందే, లేదా బయల్దేరిన వెంటనే డ్రిల్లు తప్పనిసరి. అక్కడ కార్డు స్కాన్ చేసి హాజరు వేసుకుంటారు. కార్డు పోయిందని ఎవరూ డ్రిల్లు మానేయకూడదు, క్యాబిన్ నంబరు చెబితే టిక్ పెడతారు. అత్తగారికి ఆ అక్షరం నోటికి వచ్చేలా చేయండి. కార్డు పోయినా అక్షరం పోకూడదు.

ఇప్పుడు వైజాగ్. మీ అసలు టెన్షన్ ఇక్కడే ఉంది, నిజానికి ఉండాల్సింది కూడా ఇక్కడే.

వేరే ఊళ్లో ఓడ దిగితే మనం టూరిస్టులం. వైజాగ్‌లో దిగితే మనం చుట్టాలం. మద్దిలపాలెంలో పిన్ని ఉంటుంది, గాజువాకలో మేనమామ ఉంటాడు. సింహాచలం వెళ్లి అప్పన్నని చూడకుండా వస్తే ఎలా అంటారు అత్తగారు. దర్శనం, భోజనం, చీర పెట్టడం, బొట్టు పెట్టడం అయ్యేసరికి హ్యాండ్‌బ్యాగులోని వస్తువులు రెండు ఇళ్లల్లో పరుచుకుని ఉంటాయి. నాకు బాగా గుర్తున్న ఒక కేసు ఇలాంటిదే. భార్యాభర్తలిద్దరూ కూతురి ఇంట్లో కార్డులు, ఆధార్‌లు అన్నీ కలిపి ఒక ప్లాస్టిక్ కవర్‌లో వేసి, ప్రసాదం పక్కన పెట్టి వచ్చేశారు. పోర్టు గేటు దగ్గరికి వచ్చాక జేబులు తడుముకున్నారు. ఓడ వాళ్లకి వీళ్లు తెలుసు, ఫోటోలూ ఉన్నాయి. గేటు దగ్గర నిలబడ్డ జవానుకి మాత్రం వీళ్లెవరో తెలియదు. అల్లుడు బండి మీద ఆ కవర్ తెచ్చేదాకా ఇద్దరూ గేటు బయట చెట్టు నీడన నిలబడ్డారు. ఓడైతే దొరికింది కానీ పెద్దావిడ ఆ రాత్రి భోజనానికి రాలేదు.

తేడా ఏమిటంటే, గ్యాంగ్‌వే ఓడది, గేటు పోర్టుది. 2004 జులై నుంచి అంతర్జాతీయంగా అమలులో ఉన్న, ఓడలు, పోర్టుల భద్రతకి సంబంధించిన ఐఎస్‌పీఎస్ కోడ్ ప్రకారం, పోర్టు లోపలికి ఎవరు వస్తున్నారో చూసుకునే బాధ్యత పోర్టుకి ఉంటుంది. వైజాగ్, చెన్నై లాంటి పెద్ద పోర్టుల్లో కాపలా సీఐఎస్‌ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) వాళ్లది. వాళ్ల దగ్గర మీ ఫోటో రాదు. మీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి. కార్డు ఉంటే సరే. లేకపోతే ఆధార్ లాంటి ఫోటో ఐడీ చూపించి, ఫలానా ఓడ ప్రయాణికులమని చెబితే, ఓడ వాళ్లతోనో వాళ్ల ఏజెంటుతోనో మాట్లాడి సరిచూసుకుంటారు. మీ దగ్గర ఏదీ లేకపోతే ఆ సరిచూసుకోవడానికే గంట పట్టొచ్చు.

కాబట్టి అత్తగారి కార్డు, ఆధార్ ఒకే పర్సులో పెట్టకండి. కార్డు ఆవిడ మెడలో, ఆధార్ మీ దగ్గర. రెండూ ఒకేసారి పోకూడదు. ఇంకో పని, అందరి కార్డులూ ఎక్కిన రోజే ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. ఆ ఫోటోతో లోపలికి పంపరు, కానీ ఓడ పేరు, మనిషి పేరు, నంబరు కనబడతాయి కాబట్టి గేటు దగ్గర మాట ముందుకు సాగుతుంది. ఆ ఫోటోని ఇన్‌స్టాలోనో, చుట్టాల వాట్సాప్ గ్రూపులోనో మాత్రం పెట్టకండి, దాని మీద బార్‌కోడ్ ఉంటుంది. ఓడ తరఫున ఆ ఊళ్లో పని చూసే పోర్టు ఏజెంటు ఫోన్ నంబరు, రోజూ క్యాబిన్‌లో పెట్టే కార్యక్రమాల కాగితం మీద సాధారణంగా ఉంటుంది. దిగేముందు దాన్నీ ఫోటో తీసుకోండి. ఆ కాగితాన్ని ఎవరూ చదవరు, సమోసా నూనె తుడుచుకుంటారు.

టైము గురించి కూడా. ఓడ అయిదింటికి కదులుతుందంటే, అందరూ ఎక్కేయాల్సిన సమయం సాధారణంగా దానికి అరగంట నుంచి గంట ముందు ఉంటుంది. కార్డు పోయినవాళ్లు అంతకన్నా ముందే అక్కడ ఉండాలి. కుటుంబమంతా కలిసి రండి. అదే క్యాబిన్ వాళ్ల కార్డులు ఉంటే, కార్డు పోగొట్టుకున్న మనిషి ఎవరో తేల్చడం గేటు దగ్గరా తేలికే, గ్యాంగ్‌వే దగ్గరా తేలికే. మరో ముక్క, పిన్నిగారు కట్టిచ్చే ఆవకాయ జాడీ గురించి. కార్డు కన్నా దాని దగ్గరే ఎక్కువ మంది ఆగుతారు. చాలా ఓడల్లో ఇంటి వంటకాలు లోపలికి తీసుకురానివ్వరు. పిన్నిగారి మనసు నొప్పించకుండా చెన్నైకి కొరియర్ చేయమనండి.

చెన్నై నుంచి 2023 జూన్‌లో శ్రీలంకకి కూడా క్రూయిజ్ మొదలైంది, హంబన్‌తోట, ట్రింకోమలీ, కంకేశన్‌తురై రూట్లో. మీ టికెట్టు వైజాగ్‌దే కాబట్టి మీకు పాస్‌పోర్టు గొడవ లేదు. ఎప్పుడైనా అటు వెళితే లెక్క మారుతుంది. అక్కడ కార్డు పోతే ఇదే పద్ధతి, కానీ పాస్‌పోర్టు పోతే అది వేరే దేశం. అక్కడి పోలీసులకి ఫిర్యాదు ఇచ్చి, ఆ కాపీతో భారత కార్యాలయానికి వెళ్లి, ఇంటికి రావడానికి మాత్రమే పనికొచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ తీసుకోవాలి. కొలంబోలో హై కమిషన్ ఉంది, జాఫ్నాలోనూ హంబన్‌తోటలోనూ కాన్సులేట్లు ఉన్నాయి. ఓడ మీ కోసం ఆగదు. మీ ఆఫీసులో చెప్పిన పోలీసు కంప్లైంట్ మాట బహుశా ఇలాంటి కథలోంచి వచ్చి ఉంటుంది.

అత్తగారి కోసం మీరు చేయాల్సినవి నిజానికి చాలా తక్కువ. రిసెప్షన్‌లో అడిగితే కార్డు మూలన చిల్లు వేసి ఇస్తారు. చిప్ ఉన్న కార్డయితే ఎక్కడ వేయాలో వాళ్లకి తెలుసు, మీరు పంచింగ్ మెషీన్ పట్టుకోకండి. బెంగళూరులో ఏ ఇంట్లో చూసినా పాత కంపెనీ ఐడీ ట్యాగులు నాలుగైనా వేలాడుతుంటాయి, వాటిలో మెత్తనిది ఒకటి తెచ్చి మెడలో వేయండి. ఆవిడ కార్డు మీద ఖర్చుపెట్టే సదుపాయం ఆపేయమని రిసెప్షన్‌లో అడగొచ్చు, సాధారణంగా పిల్లల కార్డులకి అలా చేస్తారు. పిల్లలకి మాత్రం తప్పకుండా చేయించండి. అత్తగారికి చేయించేముందు ఆవిడని అడగండి. అడగకుండా చేస్తే, ఓడలోని షాపులో ఆవిడ ముచ్చటపడి తీసిన శాలువా దగ్గర కార్డు చెల్లదని చెబుతారు, ఆ మాట జీవితాంతం మీ ఇంట్లో ఉంటుంది.

అందరి కార్డులూ మామగారి పర్సులో పెట్టే ఆలోచన వద్దు. భద్రం అనిపిస్తుంది, కానీ ఆయన నిద్రపోయిన రెండు గంటలూ ఎవరూ ఎక్కడికీ కదల్లేరు. పర్సు పోతే కార్డులన్నీ ఒకేసారి పోతాయి. ఎవరిది వాళ్ల దగ్గరే ఉండాలి.

పెద్దవాళ్లు కార్డు కన్నా ఎక్కువగా పోగొట్టుకునేది దారి. కారిడార్లన్నీ ఒకేలా ఉంటాయి, తలుపులన్నీ ఒకే రంగు. క్యాబిన్ తలుపులు ఉక్కువి కాబట్టి అయస్కాంతాలు అతుక్కుంటాయి. మీ ఫ్రిజ్ మీది వెంకటేశ్వరస్వామి మాగ్నెట్ తెచ్చి తలుపుకి అంటించండి. అత్తగారు నంబరు చూడనక్కర్లేదు, దండం పెట్టుకుని లోపలికి వెళ్లిపోతారు.

చివరి రోజు పొద్దున్న కూడా కార్డు పారేయకండి. చెన్నైలో దిగేటప్పుడు ఒకసారి స్కాన్ చేస్తారు, ఓడలోంచి అందరూ దిగారో లేదో లెక్క తేలేది దానితోనే. ముందు రాత్రి కార్డు పోయిందని తెలిస్తే, పొద్దున రిసెప్షన్ దగ్గర బిల్లుల కోసం పెద్ద లైను ఉంటుంది కాబట్టి, రాత్రే వెళ్లి కొత్తది తీసుకోండి. అప్పుడే బిల్లు కూడా ప్రింటు తీయించుకుని ఒక్కో లైనూ చూసుకోండి. తప్పేదైనా ఉంటే ఓడలో ఉండగానే సరిచేయించుకోవాలి, బెంగళూరు వెళ్లాక ఈమెయిళ్లతో అయితే వారాలు పడుతుంది. దిగిపోయాక ఆ కార్డుకి ఏ విలువా లేదు, పిల్లలు దాచుకుంటామంటే దాచుకోనివ్వండి.